అలాగేలెండి అన్న పాపానికి

మా అత్తవారి వైపు ఎవరికీ వద్దు అనడం రాదు. అదేదో పెద్ద సంస్కారం అనుకుంటారు వాళ్లు. నేను మాత్రం దాన్ని రోగం అంటాను.

నాది తాడేపల్లిగూడెం. మా నాన్నది ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం. లారీలోంచి దిగిన సరుకు చూసి, "బాగాలేదయ్యా, పట్టుకుపో" అని మొహం మీదే అనేవాడు. అన్నవాడూ పడ్డవాడూ అరగంట తిరక్కుండా ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగి, పెదపాడు అవతల ఈ ఊరికి కోడలిగా వచ్చిపడ్డాను. ఇక్కడ అందరూ మెత్తగా మాట్లాడతారు. తిట్టినా చివర్న అండీ తగిలిస్తారు. కొత్తలో, అబ్బ, ఎంత మర్యాదస్తుల ఇంట్లో పడ్డానో అని మురిసిపోయాను. ఆ మురిపెం ఏడాది ఉందేమో.

వీళ్ల దగ్గర ఒక మాట ఉంది. అలాగేలెండి. పెళ్లికి తప్పకుండా రావాలండీ అంటే అలాగేలెండి అంటారు, రారు. భోంచేసి వెళ్లండి అంటే అలాగేలెండి అంటూనే చెప్పుల్లో కాళ్లు పెడతారు. ఒట్టి "అలాగే" అయితే సరే అని. దాని తోకకి "లెండి" తగిలిందా, ఇంక ఆ సంగతి వదిలేయండి అని. ఇక్కడ పుట్టినవాళ్లకి ఆ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు మాత్రం దెబ్బ తింటే గానీ తెలియలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు వీధిలో నలుగురు ఆడవాళ్లని ఫలహారానికి పిలిచాను. నలుగురూ అలాగేలెండి అన్నారు. పిండి రుబ్బి, చట్నీ నూరి, అట్లు పోసుకుని కూర్చున్నాను. ఒక్కత్తీ రాలేదు. ఆ చల్లారిన అట్లు నేనూ మా ఆయనా రెండు పూటలు తిన్నాం. "రామనే చెప్పారుగా," అన్నారు మా ఆయన, తాపీగా నములుతూ.

మాకు అయిదెకరాలు. మామగారు పంచి ఇచ్చిన వాటా. దాన్ని ఆనుకుని ఇంకో అయిదు మా బావగారివి, అంటే మా ఆయన అన్నగారివి. ఆయన తన అయిదెకరాలనీ ఎప్పుడో తవ్వించేసి చేపల చెరువు చేశారు. అక్కడితో ఆగితే ఆయన బావగారు ఎందుకవుతారు? పక్క చేలవాళ్లని రోడ్డు మీద ఆపి, "ఏరా, నీ చేను కూడా ఇందులో కలిపేస్తే ఒకటే గట్టు సరిపోతుంది కదా" అనేవారు. వాళ్లు మొహమాటానికి "అలాగేలెండి" అనేవారు. అంతే! వారం తిరక్కుండా చేలో పొక్లెయిన్ దిగేది. వాళ్లు లబోదిబోమంటూ వస్తే, "నువ్వేగా అలాగే అన్నావు, నలుగురూ విన్నారు కూడానూ" అనేవారు నవ్వుతూ. వాళ్లు తల గోక్కుని, "నిజమే, అనేశాం. ఇప్పుడు కాదంటే బాగుండదు" అనుకుంటూ కాగితాల మీద సంతకాలు పెట్టేవారు. ఇలా ఒక్కొక్కటీ నా కళ్ల ముందే పోయాయి. ఇప్పుడు మా చేనుకి మూడు వైపులా చెరువులే. నాలుగో వైపు రోడ్డు.

ఆయన్ని తిట్టుకునేటప్పుడు కూడా గారు తగిలించకుండా నోరు రావట్లేదు చూడండి. ఈ ఊరు నన్ను కూడా అంత పాడు చేసింది.

చేనుని ఆర్గానిక్ చేద్దామన్నది నేనే. అందులో ఆదర్శం గీదర్శం ఏమీ లేదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం మా ఆయన పురుగుమందు కొడుతూ గట్టు మీద పడిపోయారు. నోట్లోంచి నురగ. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు మోసుకొచ్చి రోడ్డు మీద పడుకోబెట్టారు. ఏలూరు ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నాం. ఆ మూడు రోజులూ ఆయన బట్టల్లోంచి ఆ మందు వాసన పోలేదు. ఇంటికి రాగానే మిగిలిన డబ్బాలన్నీ తీసుకెళ్లి కొట్టువాడి మొహాన కొట్టొచ్చాను. ఇంక ఈ చేలో మందు చుక్క పడిందో, నా శవం మీద నుంచి నడవాలి అన్నాను. మా ఆయన ఎప్పట్లాగే అలాగే అన్నారు. లెండి అనలేదు. అదొక్కటీ మేలు.

తరువాత తెలిసింది, అనుకున్నంత తేలిక కాదని. సర్టిఫికెట్ కావాలంటే మూడేళ్లు వరసగా ఏ రసాయనం లేకుండా పండించాలట. చేలో ఏం చేసినా పుస్తకంలో రాయాలట. ఏటా ఒక ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వచ్చి చూస్తుంది. చక్కని పిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. మొదటి ఏడు వచ్చినప్పుడు మాకు ధైర్యం చెప్పడానికి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో సముద్రం ఒడ్డున ద్రాక్షతోటలు, తరతరాలుగా ఒకే కుటుంబం వాళ్లు వైన్ చేస్తారట. తాతా తండ్రీ కూతురూ అందరూ తోటలోనే. వాళ్లూ మందులు మానేసి మూడేళ్లు ఓపిక పట్టారట.

"చూడండమ్మా, అంత పాత తోటలవాళ్లకి కూడా ఇదే రూలు," అంది.

తోట చుట్టూ ఎత్తుగా రాతిగోడ కనిపించింది. "వాళ్లకి పక్క తోటలో బావగారు లేరేమోనమ్మా," అన్నాను. ఆ పిల్ల జోకనుకుని నవ్వింది.

మూడేళ్లూ ఎలా చేశామో మాకు తెలుసు. చెరువు నీటి ఊట రాకుండా గట్టు ఎత్తు చేసుకున్నాం. గట్ల వెంబడి మూడేసి బారల చేను పంట లేకుండా వదిలేశాం. పేడా ఆవుపంచితం బెల్లం సెనగపిండీ కలిపి డ్రమ్ముల్లో జీవామృతం తిప్పీ తిప్పీ నా కుడి భుజం పట్టేసింది. దిగుబడి మొదటి ఏడు సగానికి పడిపోయింది. పాతకాలం ఎర్రబియ్యం వేశాం. ఏలూరులో రెండు అపార్ట్‌మెంట్లవాళ్లు కొనేవాళ్లు. అందులో ఒకావిడ వాళ్ల అమ్మగారికి ఆసుపత్రి నుంచి వచ్చాక ఈ బియ్యమే వండి పెడుతోంది. గంజి కాస్తే పిల్లలప్పటి వాసన వచ్చిందంటూ ఆ పెద్దావిడ ఫోనులో ఏడిచింది.

ఇదంతా బావగారికి కంట్లో నలుసు. మా అయిదెకరాలూ కలిస్తే ఆయన చెరువులన్నీ ఒకటవుతాయి. మొదట్లోనే ఒకరోజు ఊళ్లో ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఆ పేడ నీళ్లతో పంట పండుతుందిరా? పండకపోతే ఏం చేస్తావు?" అని మెత్తమెత్తగా నొక్కారు. నేను వంటింట్లోంచి వచ్చేలోపే మా ఆయన మాట ఇచ్చేశారు. "మూడేళ్లు చూస్తానన్నయ్యా. సర్టిఫికెట్ రాకపోతే చేను మీ చెరువులో కలిపేసుకోండి."

చేను ఒకసారి చెరువైతే మళ్లీ చేను కాదు. ఆరడుగుల లోతున మన్ను తీసేశాక ఇంకేం మిగులుతుంది? ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

మూడో ఏడు సార్వా పంట. నాట్లు ఊడ్చి నెల దాటింది. ఇంకో పది రోజుల్లో ఆఖరి తనిఖీ. పైరు కాస్త పాలిపోయి ఉంది. మా పద్ధతిలో ఆ వయసులో అలాగే ఉంటుంది, తరువాత తేరుకుంటుంది. ఆ రోజు మేమిద్దరం నా కళ్లజోడు మార్పించుకోవడానికి ఏలూరు వెళ్లాం. మధ్యాహ్నం బస్సు దిగి అటునుంచి అటే చేను చూసి వద్దామని నడిచాం. కొత్త కళ్లద్దాలతో మొదట నేను చూసింది గట్టు మీద తెల్లటి గింజలు. సగ్గుబియ్యం ఒలికినట్టు. కొంచెం ముందుకి వెళితే రెండు ఖాళీ యూరియా బస్తాలు. శుభ్రంగా మడతపెట్టి, గాలికి ఎగిరిపోకుండా వాటి మీద రాయి పెట్టి మరీ వెళ్లారు. అందులో కూడా మర్యాదే!

మా ఆయన వంగి ఒక గింజ తీసి చూసి మళ్లీ అక్కడే పడేశారు. నేను తిన్నగా బావగారి చెరువు దగ్గర షెడ్డుకి వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని మేత బస్తాలు దింపిస్తున్నారు.

"బావగారూ, మా చేలో యూరియా ఎవరు వేశారండీ?"

"నేనే వేయించానమ్మా. పైరు చూస్తే పచ్చకామెర్ల రోగిలా ఉంది. మనసు ఒప్పలేదు. మా చెరువు పనివాళ్లు ఖాళీగా ఉంటేనూ, చల్లించేశాను."

"మమ్మల్ని అడగకుండానే?"

"అయ్యో, అడగకుండా ఎందుకు వేస్తానమ్మా? మొన్న రోడ్డు మీద తమ్ముడు కనిపిస్తే రెండు బస్తాలు చల్లించనా అని అడిగాను. అలాగేలెండి అన్నయ్యా అన్నాడు. వెళ్లి అడుగు, అనలేదంటాడేమో."

ఆ నవ్వు చూడాలి. అరవై ఏళ్లుగా ఈ గడ్డ మీద బతికిన మనిషి. అలాగేలెండి అంటే ఏమిటో ఆయనకి తెలియదా? తన కూతురి పెళ్లిలో ఎవరు అలాగే అన్నారో, ఎవరు అలాగేలెండి అన్నారో లెక్క చూసుకుని విస్తళ్లు వేయించిన మనిషి. ఆయనకి తెలుసు. తెలిసే పట్టుకున్నారు. నేను చూపించగలిగిన సాక్ష్యం ఏమీ లేదు. ఊళ్లో ఎవరిని అడిగినా, పాపం తమ్ముడి పైరు మీద జాలిపడి ఎరువు వేయించాడంటారు. నాకు మాత్రం ఆ రోజు ఆయన మొహాన ఆ మేత బస్తా కుమ్మరించాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

ఇంటికి వచ్చి మా ఆయన్ని నిలదీశాను. "మీరు అలాగేలెండి అన్నారా?"

"అన్నాను."

"ఎందుకన్నారండీ!"

"వద్దనేగా అన్నాను!" అన్నారు, తెల్లమొహం వేసుకుని.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంకేం చేస్తాను? తిడదామంటే నిజంగానే ఆయన వద్దన్నారు. ఈ ఊరి భాషలో అది వద్దనడమే.

అయిదో రోజుకల్లా పైరు నల్లబడేంత పచ్చగా తిరిగింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి, "భలే ఉందండీ చేను" అనడం మొదలెట్టారు. ప్రతి మాటా నాకు చెంపదెబ్బే. మధ్యలో బావగారు ఒకసారి వచ్చి, "ఎవరికి తెలుస్తుందమ్మా? నేను చెప్తానా?" అని ఓదార్చి వెళ్లారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే చేను ఆయనది. దాస్తే మా గుట్టు ఎప్పటికీ ఆయన గుప్పిట్లో.

నేను దాచడానికే నిశ్చయించుకున్నాను. ఇది సిగ్గుపడుతూ చెప్పడం లేదు. మేము చేయని తప్పుకి మా చేను ఎందుకు పోవాలి? మూడేళ్లు నా భుజం ఎందుకు పోయినట్టు? మా ఆయనతో కూడా గట్టిగా చెప్పాను. "మీరు నోరు విప్పకండి. నేను మాట్లాడతాను." ఆయన తల ఊపారు.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టర్ అమ్మాయి చేనంతా తిరిగింది. గట్లు చూసింది, డ్రమ్ములు చూసింది, పుస్తకం తిరగేసింది.

"ఈసారి పైరు భలే పచ్చగా ఉందేంటమ్మా?" అంది.

"జీవామృతం రెండు విడతలు ఎక్కువ పోశామమ్మా," అన్నాను. తడబడకుండా వచ్చింది ఆ మాట. నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ పిల్ల నమ్మింది. రాసుకుంది. అరుగు మీద కూర్చుని నిమ్మరసం తాగి, కాగితం మా ఆయన ముందు పెట్టింది, సంతకం చేయమని. ఆయన పెన్ను పట్టుకున్నారు. అలా పట్టుకునే ఉన్నారు. నేను పక్కనుంచి మోచేత్తో పొడిచాను.

"యూరియా పడిందండీ," అన్నారు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నేలకేసి చూశాను.

"ఎవరు వేశారండీ?"

"నేనే వేయించినట్టు రాయండి. వద్దని సరిగ్గా చెప్పడం చేతకాలేదు నాకు."

ఆ అమ్మాయి తను రాసుకున్నది కొట్టేసింది. తరువాత మెల్లిగా, "లెక్క మళ్లీ మొదటి నుంచండీ. మూడేళ్లు," అంది. వెళ్లేటప్పుడు ఎప్పట్లాగే నా చెయ్యి పట్టుకుని వెళ్లొస్తానంది. నా చెయ్యి చల్లగా ఉందని తనే రెండు చేతులతో పట్టుకుంది. అబద్ధం చెప్పిన చెయ్యి.

ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో నోరు విప్పండి మొర్రో అంటే విప్పని మనిషి, మూసుకోమన్న ఒక్క రోజున విప్పాడు! నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం ఆయన ముందు పెట్టేసి అవతలికి పోయేదాన్ని. అయిదో రోజు ఆగలేక అడిగేశాను. ఎందుకు చెప్పారండీ, మీకేం పోయేకాలం వచ్చిందండీ అని.

"ఏలూరులో ఆ పెద్దావిడ మన గంజి తాగుతోంది కదా," అన్నారు. "ఆవిడ అడిగినా జీవామృతం అనే చెప్తావా?"

"చెప్తాను," అన్నాను. చెప్పలేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇంకా మండింది.

కోతలయ్యాయి. ఆ పంటని ఏలూరు పంపలేదు, మామూలు ధాన్యంతో పాటు మిల్లుకి తోలేశాం. ఆ పెద్దావిడ కూతురు ఫోను చేస్తే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈసారి నేనే చెప్పాను. ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున్నే రోడ్డు మీద ఇనుప పట్టాల చప్పుడు. ఆ చప్పుడు ఈ ఊళ్లో అందరికీ తెలుసు. నేను చీర చెంగు నడుముకి దోపుకుని పరిగెత్తాను. నేను వెళ్లేసరికి పొక్లెయిన్ మా చేను గట్టు దగ్గర ఆగి ఉంది. దాని ముందు బావగారు, ఆ రోజు మాట విన్న పెద్దమనిషి. వాళ్లకి ఎదురుగా మా ఆయన, లుంగీ మీద తువ్వాలు కప్పుకుని, పళ్లపుల్ల ఇంకా చేతిలోనే.

"మాట అనుకున్నాం కదరా," అంటున్నారు బావగారు. "సర్టిఫికెట్ రాలేదు. తూర్పు పక్క నుంచి మొదలెట్టిస్తాను. సరేనా?"

మా ఆయన చేతిలో పుల్ల అవతల పారేశారు. ఇంక ఆ మాట రానే వస్తుంది ఆయన నోట్లోంచి, ముప్ఫై ఏళ్లుగా వస్తున్నదే అనుకుని నేను ముందుకి అడుగు వేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు, నాకు.

"వద్దండీ," అన్నారు.

"ఏంటీ?"

"వద్దు. చేను ఇవ్వను అన్నయ్యా."

బావగారి మొహం మాడిపోయింది. "మాటిచ్చావురా! ఈయన సాక్షి."

"ఇచ్చానండీ. తప్పుతున్నాను."

పెద్దమనిషి దగ్గాడు. బావగారు గొంతు పెంచారు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "నాన్నగారి కడుపున పుట్టి మాట తప్పుతావా? నలుగురిలో తలెత్తుకుని ఎలా తిరుగుతావురా?"

"తిరగలేనేమోనండీ," అన్నారు మా ఆయన. "అయినా ఇవ్వను."

పొక్లెయిన్ డ్రైవర్ ఇంజను ఆపేసి మంచినీళ్లు అడిగాడు. బిందె తెచ్చి నేనే పోశాను. అతను తాగి, బావగారి మొహం చూసి, బండి వెనక్కి తిప్పుకున్నాడు.

అప్పటి నుంచి ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు. బావగారి మనవరాలి బారసాలకి ఊరందరినీ పిలిచారు, మమ్మల్ని తప్ప. మా చేనుకి నీళ్లొచ్చే బోదెలో రెండుసార్లు మట్టి పూడిపోయింది. ఎవరు పూడ్చారో చెప్పక్కర్లేదు. మేమే తవ్వుకున్నాం. పుస్తకంలో మళ్లీ మొదటి ఏడు అని రాసుకున్నాం. నా భుజం ఇంకా నొప్పే. కోపమా? రవ్వంత తగ్గలేదు. బావగారు ఎదురైతే అవతలి గట్టెక్కి పోతున్నాను.

ఊళ్లో మా ఆయనకి మాట తప్పినవాడని పేరు పడింది. మొన్న పాలకేంద్రం దగ్గర వరసలో ఒకావిడ, బావగారికి చేను వదులుకున్నవాళ్ల ఇంటావిడే, నలుగురూ వినేలా మెత్తగా అంది. "మీవారు అంతటి మనిషి అయ్యుండి మాట తప్పారటగా అండీ? మావారైతే ప్రాణం పోయినా తప్పరు."

"అవునండీ, మీవారు నిలబెట్టుకున్నారు," అన్నాను. "మీ చేనేదీ, ఒకసారి చూపించండి?"

ఆవిడ చెరువు వైపు చూసింది. నీళ్లలో గాలి కొట్టే ఏరేటర్ల చక్రాలు తిరుగుతున్నాయి. ఎటు చూపించాలో తెలియక, పాల క్యాను ముందుకి జరుపుకుంది.